కంచుకోటా, తోడేలూ

రెండో నంబరు బస్సు, వెనక సీటు
జూన్ 4

అక్కకి,

నువ్వు కుట్టి పంపిన పొడుగు కోటు అందింది. బావ అది తొడుక్కుని అద్దం ముందు అరగంట నిలబడ్డాడు. వీపు మీద ‘కంచుకోట’ అన్న అక్షరాలు బాగా కుదిరాయి. ఎప్పటిలాగే నాకు మాత్రం ఏమీ పంపలేదు. తోడేలుకి కోటెందుకు, బొచ్చు చాలదా అనుకుని ఉంటావు.

బావ ఒకటో నంబరు బస్సులో, నేను రెండో దాంట్లో. పదకొండేళ్ళుగా ఇదే తంతు. మా కుస్తీ షోలో మంచివాళ్ళ వేషాలకో బస్సు, చెడ్డవాళ్ళ వేషాలకో బస్సు. జనం కళ్ళపడేలా మేమిద్దరం ఒక బల్ల దగ్గర టీ తాగామంటే ఓనరు నిప్పులు చెరుగుతాడు. లాడ్జిలో మా ఇద్దరికీ గది ఒకటే. కానీ నేను వెనక మెట్లెక్కి దొంగలా రావాలి. మొన్న పెట్రోలు బంకు దగ్గర ఒక పెద్దావిడ నా మొహం మీద సీసాడు నీళ్ళు కొట్టి, “మా కంచుకోట జోలికొస్తే చూడు!” అని వేలు చూపించింది. ఆ కంచుకోట నా సొంత అక్క మొగుడేనమ్మా అని చెప్పాలనిపించింది. చెబితే ఉద్యోగం ఊడుతుంది.

ఇక అసలు సంగతి. అక్టోబరు చివరి ఆదివారం పెద్ద స్టేడియంలో బెల్టు పోటీ. బావకీ నాకూ. ఏడేళ్ళుగా బావ నడుముకున్న బెల్టు ఆ రోజు నా నడుముకి రావాలని ఓనరు ముందే రాసేశాడు. తర్వాత బావ రింగు దిగిపోయి, మీ ఊళ్ళోనే కొత్తవాళ్ళకి కుస్తీ నేర్పుతాడు. రోజూ ఇంటికొస్తాడు. ఇది బావే నీకు చెప్పాలని ఉబలాటపడుతున్నాడు. విన్నప్పుడు కొత్తగా విన్నట్టు ఉండు.

నీ తమ్ముడు

*

కర్టెన్ల షాపు, కత్తిరింపు బల్ల
జూన్ 19

తమ్ముడికి,

భోజనాల వేళ రాస్తున్నాను. మిషన్లు ఆగాయి గనక చెవులు పనిచేస్తున్నాయి.

మీ బావ ఆదివారం ఫోను చేసి ఆ కబురు చెప్పాడు. నువ్వన్నట్టే ఆశ్చర్యపోయినట్టు నటించాను. మీకేనా నటన వచ్చేది? పాపనెత్తుకుని వంటగదంతా తిరిగాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన నెలకి నాలుగు రోజులు మించి ఇంట్లో ఉన్నది లేదు.

బుధవారం మళ్ళీ ఫోను చేశాడు. “నీకో సంగతి చెప్పాలి, కూర్చో” అన్నాడు. అదే సంగతి, అవే మాటలు. మొదటిసారి చెబుతున్నంత సంబరంగా చెప్పాడు. ఆటపట్టిస్తున్నాడేమోనని నవ్వాను. ఆయన నవ్వలేదు. తర్వాత పాప ఎన్నో తరగతి అని అడిగాడు.

ఫోనులో నిన్నడగలేను, పక్కనే ఉంటాడు కదా. అందుకే ఈ ఉత్తరం. ఆయన బాగానే ఉన్నాడా?

అక్క

*

లాడ్జి, మూడో అంతస్తు
జూన్ 30

అక్కకి,

బావకేం, గుండ్రాయిలా ఉన్నాడు. నెలలో ఇరవై రెండు ఆటలాడితే నాకే నా పేరు గుర్తుండటం లేదు. నిన్న లాడ్జి రిజిస్టరులో పేరు దగ్గర ‘తోడేలు’ అనీ, ఊరు దగ్గర ‘అడవి’ అనీ రాసొచ్చాను. గుమాస్తా చదివి, మాంసం మాత్రం గదిలోకి తేవద్దన్నాడు. అంతా అలసటే. పాప తరగతి మర్చిపోవడం మొగవాళ్ళందరికీ ఉన్న జబ్బే, దానికి మందు లేదు. బావ ఆకలి చూస్తే వంటవాళ్ళు దాక్కుంటున్నారు. ఇక మతిమరుపంటావా, నువ్వు మాత్రం నా పుట్టినరోజు మూడేళ్ళుగా మర్చిపోవడం లేదూ?

తమ్ముడు

*

ఇల్లు
ఆగస్టు 11

తమ్ముడికి,

మీ బావ నాలుగు రోజులుండి నిన్ననే వెళ్ళాడు. నీ అలసట కథ ఇంకెవరికైనా చెప్పు.

వచ్చిన రోజు ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి, పక్కనే నిలబడి, అది మాడేదాకా చూశాడు. నేను పరుగెత్తుకొచ్చి మంట ఆర్పితే “టీ పెడుతున్నా” అన్నాడు. మర్నాడు మెట్లెక్కుతూ సగంలో కూలబడ్డాడు. ఏమైందంటే “బూటు లేసు ఊడింది” అన్నాడు. కాళ్ళకి చెప్పులున్నాయిరా. నాన్న జోకేశాడనుకుని పాప పకపకా నవ్వింది. దాన్ని చూసి ఆయనా నవ్వాడు. రెండు చేతులతో మెట్టు అంచు పట్టుకునే ఉన్నాడు.

నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు జోకులెక్కువ వేస్తావు. చిన్నప్పట్నించీ అంతే. పోయిన ఉత్తరం నిండా జోకులే. ఈసారి ఒక్కటి కూడా లేకుండా రాయి.

అక్క

*

స్టేడియం వెనక, సామాన్ల గది
ఆగస్టు 20

అక్కకి,

చెప్పనని బావకి ఒట్టేశాను. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

మార్చిలో ఒక ఆటలో నేను బావకి తిరగేత వేశాను. నీకు తెలుసుగా, మనిషిని తలకిందులుగా ఎత్తి వెనక్కి పడేసే పట్టు, జనం టిక్కెట్టు కొనేది దానికోసమే. వందలసార్లు వేసి ఉంటాను. ఆ రోజు ఒక బెత్తెడు పక్కకి పడ్డాడు. లేచి ఆట పూర్తి చేశాడు, జనానికి చేతులూపాడు. లోపలికొచ్చాక నా బూట్లు తన బూట్లనుకుని తొడుక్కోబోయాడు.

అప్పట్నించీ గట్టి దెబ్బ తగిలితే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. అయిదారు క్షణాలు, ఒక్కోసారి ఎక్కువ. షో డాక్టరుకి చూపించాం. ఆయన ఇదివరకు గుర్రాల డాక్టరు. కళ్ళలోకి టార్చి వేసి “నీ పేరేంటి?” అన్నాడు. బావ “కంచుకోట” అన్నాడు. ‘ఆడవచ్చు’ అని రాసిచ్చేశాడు.

ఊళ్ళో పెద్దాసుపత్రికి పోదామంటే బావ వినడు. “వాళ్ళు ఆడొద్దంటారు. బెల్టు చేతులారా ఇచ్చి దిగాలిరా, డాక్టరు చీటీ చూపించి కాదు” అంటాడు. ఇంకా పది వారాలే కదా అక్కా. చిన్న ఆటల్లో నేనే ఎక్కువ దెబ్బలు తింటూ నెట్టుకొస్తున్నాను.

తమ్ముడు

*

ఇల్లు
సెప్టెంబరు 2

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు సెలవు పెట్టాను. వచ్చి ఆయన్ని లాక్కొచ్చేద్దామని సంచి సర్దాను. మళ్ళీ విప్పాను. లాక్కొస్తే ఏమవుతుంది? నన్ను ఒక్క మాటనడు. కుర్చీలో కూర్చుని, మిగిలిన జన్మంతా నన్నేమీ అనకుండా ఉంటాడు. ఆ మనిషితో కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు.

బలహీనురాలిననుకో. నిన్నొక్కటే అడుగుతున్నాను. బెల్టు పోటీలో తిరగేత వద్దు. మెడపట్టు పట్టు, కాలు మెలిపెట్టు, ఏదైనా చెయ్యి. ఆయన్ని నేలమీంచి లేపకు. ఆయనకి ఏమాత్రం తేడాగా ఉన్నా రిఫరీకి చేతులు అడ్డంగా చూపించు. ఆట ఆపేస్తారు కదా? మీ ఓనరు ఏమన్నా అననీ.

నాకు మాటివ్వు.

అక్క

*

లాడ్జి
సెప్టెంబరు 10

అక్కకి,

మాటిస్తున్నాను. బావతో కూడా అనుకున్నాం. మెడపట్టుతో ముగుస్తుంది. బావ మూడుసార్లు నేలమీద చేత్తో కొడతాడు, గంట మోగుతుంది, అంతే. ఓనరు గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

నిశ్చింతగా ఉండు.

తమ్ముడు

*

ఆసుపత్రి వరండా
అక్టోబరు 30

అక్కకి,

ఫోనులో నీతో మాట్లాడలేకపోయాను. నువ్వు బస్సు దిగేసరికి నేను ఉండను. ఈ ఉత్తరం నర్సుకిచ్చి వెళుతున్నాను. మూడో తారీఖున వేరే ఊళ్ళో ఆట ఉంది, అందరూ కదిలిపోయారు.

రింగులో పట్టా తడిగా ఉంది. ముందు ఆటలో ఎవరో నీళ్ళు ఒలకబోశారు. నా కాలు జారింది. బావ మెడ మీద పడ్డాడు. అంత జనంలో ఏదీ వినబడలేదు, అంతా క్షణంలో అయిపోయింది. బావ మొన్న సాయంత్రం కళ్ళు తెరిచాడు.

నన్ను క్షమించు.

తమ్ముడు

*

ఇల్లు
నవంబరు 26

తమ్ముడికి,

మొన్ననే ఆయన్ని ఇంటికి తెచ్చాను. అంబులెన్సు వాళ్ళు నలుగురు కలిసి మెట్లెక్కించారు.

నడుము కింద స్పర్శ ఏమీ లేదు. చేతులు లేస్తాయి గానీ చెంచా పట్టుకోలేవు. మాట ఉంది. గుర్తుండటం ఒక్కోరోజు ఒక్కోలా ఉంటోంది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి “ఇంతకు ముందు దెబ్బలు కూడా చాలా ఉన్నాయమ్మా లోపల, మీకు తెలియదా?” అని అడిగాడు. తెలుసని ఏ మొహంతో చెప్పను? తెలియదన్నాను.

నువ్వు అన్నం మానేశావని మీ బస్సు డ్రైవరు ఫోనులో చెప్పాడు. కాలు జారితే నువ్వేం చేస్తావు? నీ తప్పేమీ లేదు. పది వారాలు ఊరుకున్నదాన్ని నేను. నిన్ను నువ్వు తినేయకు. వీలు చూసుకుని ఒకసారి రా. ఆయన కూడా “వాడేడీ?” అని అడుగుతున్నాడు.

అక్క

*

కర్టెన్ల షాపు
డిసెంబరు 14

తమ్ముడికి,

మా షాపులో టీవీ ఉంది, కొనేవాళ్ళు విసుక్కోకుండా పెడతారు. ఇవాళ పదకొండింటికి దాంట్లో మీ షో ప్రకటన వచ్చింది. ‘కంచుకోటని కూల్చిన తోడేలు’ అంటూ నీ భుజాన బెల్టు. దాని వెనకే ఆయన పడటం. మూడుసార్లు చూపించారు, నెమ్మదిగా, దగ్గర్నించి. కత్తెర చేతిలోనే ఉంది, గుడ్డ ఎక్కడిదాకా కోశానో తెలియలేదు.

మేనేజరుని బతిమాలి అతని ఫోనులో ఆట మొత్తం పెట్టించుకుని చూశాను. ఆ ప్రకటన మళ్ళీ మళ్ళీ చూశాను.

నీ కాలు జారలేదు. పట్టా పొడిగా ఉంది. నువ్వు వేసింది తిరగేత.

ఎత్తడానికి ముందు ఆయన తల నీ భుజం మీద ఉంది. మూలనున్న కెమెరాకి ఆయన మొహం కనబడింది. పెదవులు కదిలాయి. రెండు మూడు మాటలు. తర్వాత నువ్వు ఒక్క క్షణం ఆగావు. ఆగి, ఎత్తావు.

ఆయన నీ చెవిలో ఏమన్నాడు?

*

లాడ్జి
డిసెంబరు 22

అక్కకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

ఆ మధ్యాహ్నం ఓనరు మా గదిలోకొచ్చాడు. “మెడపట్టుతో ముగిస్తే జనం కుర్చీలు విరగ్గొడతారు. తిరగేత పడాల్సిందే. లేదంటే పోటీ ఇంకెవరితోనైనా పెట్టుకుంటా” అన్నాడు. నేను బావ వైపు చూశాను. బావ లేసులు కట్టుకుంటూ “ఒక్కసారేగా, కానిచ్చేద్దాం. మీ అక్కకి నేను చెప్పుకుంటాలే” అన్నాడు. నా తరఫున చెప్పుకోవడానికి ఉన్నది ఇదొక్కటే. ఇక్కడితో అయిపోయింది.

పంతొమ్మిదో నిమిషంలో బావ పడి లేచాడు. ఆయన కళ్ళు నన్ను చూడటం లేదు, నా భుజం పక్కన ఎక్కడో వెతుకుతున్నాయి. దగ్గరికి లాక్కున్నాను. మేము రింగులో మాట్లాడుకునేది అప్పుడే, తలలు దగ్గరైనప్పుడు. “ఆగరా. కనబడట్లేదు. ఆగు” అన్నాడు.

విన్నాను. అరుపుల్లో వినబడలేదని డాక్టరుకి చెప్పాను, ఓనరుకి చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. కానీ నాకు వినబడింది.

అప్పుడు స్టేడియం మొత్తం లేచి నిలబడి తోడేలూ తోడేలూ అంటోంది. తిట్టడానికి కాదు. పదకొండేళ్ళు నా మీద ఉమ్మేసిన జనం, మొదటిసారి నేను గెలవాలని అరుస్తున్నారు. నేను చేయాల్సిందల్లా చేతులు రెండూ అడ్డంగా పెట్టడం. ఆట ఆగిపోయేది. ఈ అరుపూ ఆగిపోయేది. అది మళ్ళీ రాదనుకున్నాను. నిజంగా అనుకున్నానక్కా, మాటల్లో అనుకున్నాను. తర్వాత ఎత్తాను.

తిరగేతలో పైకి లేచినవాడు గడ్డం ఛాతీకి ఆనించి, నేలని చూసుకుంటూ తన మెడ తనే సర్దుకోవాలి. బావకి నేల కనబడలేదు.

బెల్టు కట్టుకుని ఇప్పటికి ముప్పై ఆటలాడాను. అదీ తెలుసుకో.

*

ఇల్లు
జనవరి 20

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు. నీ నోట్లో ముద్ద పెట్టిన చెయ్యి ఇది. ఎందుకు పెట్టానా అని ఈ మూడు వారాల్లో ఒకసారి అనుకున్నాను. ఇలా అనుకున్నదాన్నని నీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను.

ఆయన్ని అడిగాను, ఆ రోజు మా తమ్ముడితో ఏమన్నావని. “కానియ్ అన్నాను. వాడు తొందరపడలేదు, నేనే మెడ సర్దుకోలేదు” అన్నాడు. గోడ వైపు చూస్తూ అన్నాడు. మర్చిపోయాడో, కావాలనే అన్నాడో నాకు తెలియలేదు. నీ ఉత్తరం సంగతి చెప్పలేదు.

నేనూ కింది అంతస్తు ఆవిడా కలిసి ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మారుస్తున్నాం. నూట అయిదు కిలోల మనిషి. గురువారం మా చేతుల్లోంచి జారిపోయాడు. ఆవిడ మనుషుల కోసం వీధిలోకి పరిగెత్తింది. అరగంట నేలమీదే ఉన్నాడు. పాప దిండు తెచ్చి తలకింద పెట్టి, పక్కన పడుకుని లెక్కల హోంవర్క్ చేసుకుంది, ఆయనకి సిగ్గనిపించకుండా. అదెవరు నేర్పారో దానికి.

నువ్వు రా. ఆ షో వదిలేసి రా. క్షమించానని కాదు. వచ్చాక నాతో మాట్లాడాలని చూడకు, నేను మాట్లాడను. ఆయన బరువు ఎక్కడ పట్టుకుంటే లేస్తుందో నీ చేతులకి తెలుసు. ఆ పని చెయ్యి.

*

ముందు గది
ఏప్రిల్ 9

అక్కకి,

ఆరడుగుల దూరానికి ఉత్తరమేమిటని పాప నవ్వుతోంది. మాట్లాడొద్దన్నావు, రాయొద్దనలేదు. వంటగదిలో ఉప్పుడబ్బా కింద పెడుతున్నాను. చదవకపోయినా పరవాలేదు.

నిన్న స్నానం చేయిస్తూ బావకి చెప్పేశాను. ఆగమన్నావు, విన్నాను, అయినా ఎత్తాను అని. వీపు రుద్దుతూ చెప్పాను, మొహం చూడలేక. మగ్గులో నీళ్ళు చల్లారిపోయాయి.

“తెలుసురా” అన్నాడు. “నువ్వు ఆగినప్పుడే తెలిసింది, విన్నావని.”

మరి అక్కకి వేరేలా ఎందుకు చెప్పావన్నాను.

“దానికి పుట్టింటి తరఫున మిగిలింది నువ్వొక్కడివే. నేనెటూ పనికిరాను, ఆ ఒక్కణ్ణీ కూడా తీసేయనా?” అన్నాడు. “మీ అక్కకి చెప్పేశావా? వెధవా.”

నేను ఏడిస్తే తిట్టాడు. సబ్బు కళ్ళలో పడుతోంది, ముందు నీళ్ళు పోయమన్నాడు. తుడిచి చొక్కా తొడుగుతుంటే “ఈ వారం ఏ ఊర్రా మనకి?” అని అడిగాడు. ఇంటి దగ్గరే అన్నాను. “మంచిది, పాపని చూడొచ్చు” అన్నాడు. పాప ఎదురుగానే కూర్చుని ఉంది.

నీకు తెలియాలని రాశాను.

తమ్ముడు

*

వంటగది
సెప్టెంబరు 2

తమ్ముడికి,

ఏప్రిల్లో నువ్వు పెట్టిన ఉత్తరం ఆ రోజే చదివాను. ఏం రాయాలో తోచలేదు. ఇప్పటికీ తోచలేదు. నోటితో నీతో మాట్లాడటం నావల్ల అవుతుందో లేదో కూడా తెలియదు.

ఇది వేరే సంగతి. సోమవారం నువ్వు మందులకి వెళ్ళి ఆలస్యమైంది. ఆయన కుర్చీలో ఒరిగిపోతున్నాడు. పిలుద్దామంటే కింది అంతస్తు ఆవిడ లేదు. నువ్వు చేసేది రోజూ చూస్తున్నాను కదా, అలాగే చంకల కింద చేతులు పోనిచ్చి, మోకాలు ఆనించి పట్టుకున్నాను. లేచాడు. ఒక్కదాన్నే ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. ఆయాసం కూడా రాలేదు.

అంత తేలికైపోయాడురా. పక్కటెముకలు నా చేతులకి ఒక్కొక్కటీ తగిలాయి. పడుకోబెట్టాక నన్ను చూసి “భలే ఎత్తావే, నిన్ను షోలో పెట్టాల్సింది” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇవతలికొచ్చి కుళాయి తిప్పి నిలబడ్డాను.

నువ్విక అక్కర్లేదు, వెళ్ళిపో అనడానికి రాయడం లేదు. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలి కదా.

అక్క